పాండా నాణేల బరువు దగ్గర మేం చేసిన తప్పు

నమస్కారమండి. సింగపూర్‌లోని మా దుకాణంలో చైనా బంగారు పాండా నాణేలు కొన్నవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. 2016 నుంచి వచ్చిన నాణేలకు మేం బిల్లులో బరువు తప్పుగా రాశాం. తేడా డబ్బు తిరిగి ఇస్తున్నాం.

పోయిన శనివారం ఒకావిడ తన 2019 పాండాను అమ్మడానికి తెచ్చారు. డబ్బీలోంచి తీసి త్రాసు మీద పెడితే 30.00 గ్రాములు చూపించింది. "బిల్లులో ఒక ఔన్స్ అని ఉంది కదండీ. ఔన్స్ అంటే 31.1 కదా?" అన్నారు. నాణేన్ని వెలుతురులోకి తిప్పాను. పాండా బొమ్మ ఉన్న వైపే చిన్న అక్షరాల్లో 30 గ్రాములు అని ఉంది. ఇన్నేళ్లూ నా చేతుల్లోనే ఉన్న నాణెం, చదవలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1982లో మొదలైన ఈ నాణేలు 2015 దాకా ఔన్సుల లెక్కలోనే వచ్చాయి. 2015 నాణెం మీదైతే బరువే ముద్రించలేదు. మరుసటి ఏడాది నుంచి గ్రాముల్లోకి మార్చారు. నేను మాత్రం పాత ధరల పట్టీలో సంవత్సరం ఒక్కటే మార్చుకుంటూ వచ్చాను.

ఔన్స్ అని కొన్నవాళ్లకు వచ్చింది 30 గ్రాములు, అంటే మన లెక్కలో మూడు తులాలు. 1.1 గ్రాములు తగ్గింది. అర ఔన్స్‌కు అర గ్రాము పైన, పదో వంతు నాణేనికి 0.11 గ్రాములు తగ్గాయి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది చిన్నది. ఔన్స్‌లో ఇరవయ్యో వంతు అంటే 1.55 గ్రాములు ఉండాలి, కొత్త నాణెం 1 గ్రామే. మూడో వంతుకు పైగా తక్కువ! బొమ్మ ఏటా మారుతుందని, పిల్లల పుట్టినరోజుకు ఏడాదికొకటి చొప్పున దాచేవాళ్లు ఎక్కువగా కొన్నది ఇదే.

పావు ఔన్స్ కొన్నవాళ్లకు మాత్రం 7.78 బదులు 8 గ్రాములు, సరిగ్గా కాసు బంగారం వెళ్లింది. ఆ ఎక్కువ మీదే, వెనక్కి అడగం.

తగ్గిన బంగారానికి మీరు కొన్ననాటి రేటు కాకుండా, డబ్బు ఇచ్చే రోజు రేటు కడతాం. బిల్లు పోయినా ఫర్వాలేదు, మా పుస్తకంలో ఉంటుంది. ఇండియాకు వెళ్లిపోయినవాళ్లు మెసేజ్ పెడితే చాలు, బ్యాంకులో వేస్తాం.

ఒక్క మాట. 2015, అంతకుముందువి సరైన బరువుతోనే అమ్మాం. టెన్షన్ పడి, తూచి చూద్దామని టంకశాల సీల్ వేసిన ప్లాస్టిక్ కవర్లు చింపకండి. సేకరించేవాళ్లు ఆ కవర్‌కు కూడా విలువ కడతారు, చింపితే ధర పడిపోతుంది.

1 గ్రాము నాణేలు కొన్నవాళ్లకు ముందుగా మేమే ఫోన్ చేస్తున్నాం. నిన్నటికి పుస్తకంలో 2018 దాకా వచ్చాం.