పాత్రలు గుర్తున్నాయి సరే, టేపులెక్కడ?

సంపాదకులకు,

చిన్నప్పుడు టీవీలో చూసిన పాత్రల గురించి మీ పత్రికలో పాఠకులు రాస్తున్న ఉత్తరాలు వదలకుండా చదువుతున్నాను. ఒకరికి శక్తిమాన్, ఒకరికి మోగ్లీ, ఇంకొకరికి బేతాళుడు. అందరిదీ ఒకటే మాట, ఆ రోజులే వేరని. రోజుల సంగతి ఎలా ఉన్నా, ఆ కార్యక్రమాలు ఏమైనట్టు? వాటిని భద్రం చేసి, అడిగినవాళ్లకు చూసుకునే వీలు కల్పించాల్సిన బాధ్యత ప్రసార సంస్థలది, ముఖ్యంగా ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలది. ఆ విషయం ఎవరూ ఎత్తడం లేదనే ఈ ఉత్తరం.

పాత్రలంటే నాకూ ఇష్టమే. 1985లో దూరదర్శన్‌లో ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ వచ్చేనాటికి చందమామ చదివే పిల్లలకు ఆ కథలు కొత్త కాదు. అయినా తెల్లజుట్టు వేసుకుని బేతాళుడి వేషంలో నటుడు సజ్జన్, విక్రమార్క మహారాజు వీపెక్కి కథ మొదలెడితే కదలబుద్ధయ్యేది కాదు. చివర్లో ప్రశ్న రాగానే, ఈసారైనా రాజు నోరు మూసుకుంటే బాగుండునని టెన్షన్. ఆయన మూసుకోడు, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. (ఆ రాజు వేషం వేసిన అరుణ్ గోవిలే తర్వాత రాముడయ్యాడు.)

మోగ్లీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నిప్పన్ యానిమేషన్ అనే జపాన్ సంస్థ 1989లో తీసిన 52 భాగాల సీరియల్ అది. బూమరాంగ్ విసిరే ఆ పిల్లాడు 1993లో హిందీ మాట్లాడుతూ మన టీవీలోకి వచ్చాడు. గుల్జార్ రాసి, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన పాట హిందీ ప్రసారం కోసం చేసిందే. షేర్ ఖాన్ అనే పులికి నానా పటేకర్ చెప్పిన డబ్బింగూ అంతే. అంటే జపాన్‌లో అసలు సీరియల్ ఎంత భద్రంగా ఉన్నా, మనకు గుర్తున్న మోగ్లీ అందులో లేడు. అతను మన దగ్గర ఉన్న డబ్బింగ్ టేపులోనే ఉన్నాడు. అనువాదమే కదా అని ఆ టేపును పక్కన పడేస్తే మళ్లీ తెచ్చుకునే దారి లేదు. మిగతా డబ్బింగ్ కళాకారుల పేర్లయితే చెప్పనే అక్కర్లేదు. చివర్లో గబగబా పరుగెత్తేవి, చదివేలోపు ప్రకటన వచ్చేసేది.

టేపులు పోవడం నా ఊహ కాదు. బీబీసీ అంతటి సంస్థ 1960లు, 70లలో పాత టేపులు చెరిపేసి వాటి మీదే కొత్త కార్యక్రమాలు రికార్డు చేసింది. టేపు ఖరీదైనది, పాత కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారని అప్పటి లెక్క. అలా పోయినవాటిలో 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ భాగాలున్నాయి. 90కి పైగా భాగాల బొమ్మ ఈనాటికీ దొరకలేదు. దొరికినవి ఎక్కడ దొరికాయో చూడండి! 2013లో బయటపడ్డ తొమ్మిది భాగాలు నైజీరియాలో ఉన్నాయి. బొమ్మ పోయినా శబ్దం మాత్రం అన్ని భాగాలకూ ఉంది. ఇళ్లలో టీవీ పక్కన టేప్ రికార్డర్ పెట్టి, ఎవరూ దగ్గకుండా కాపలా కాసి రికార్డు చేసుకున్న అభిమానుల పుణ్యం అది. సంస్థ చేయాల్సిన పని ప్రేక్షకులు చేశారు.

‘పిల్లల ప్రోగ్రామే కదా’ అని తీసిపారేసేవాళ్లకు అమెరికా పిల్లల కార్యక్రమం ‘సెసేమ్ స్ట్రీట్’లో 1983 నాటి ఒక భాగం చూపించాలి. అందులో దుకాణం నడిపే హూపర్ వేషం వేసిన విల్ లీ అంతకుముందు ఏడాది చనిపోయారు. ఆ పాత్ర ఊరెళ్లిందనో, రిటైరైందనో చెప్పి నెట్టుకు రావచ్చు. వాళ్లు అలా చేయలేదు. బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపుపచ్చ పక్షి అందరి బొమ్మలూ గీసి తెచ్చి పంచుతుంది. హూపర్ బొమ్మ చేతిలో మిగిలిపోతుంది, ఆయనేడీ అని అడుగుతుంది. పెద్దవాళ్లు, ఆయన చనిపోయాడని ఆ మాటతోనే చెప్తారు. పక్షికి అర్థం కాదు, మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఎదురుగా ఉన్న నటుల కళ్లలో నీళ్లు నిజమైనవే. చావు గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలో ఇంత సూటిగా చూపించిన కార్యక్రమాలు పెద్దల టీవీలోనే అరుదు.

జర్మనీ వాళ్లు ఈ విషయంలో గట్టిగా నిలబడ్డారు. రాత్రి పిల్లల్ని నిద్రపుచ్చే గడ్డం బొమ్మ ‘జాండ్‌మెన్‌షెన్’ 1959లో తూర్పు జర్మనీ టీవీలో పుట్టింది. రెండు జర్మనీలు కలిశాక ఆ దేశం పోయింది, ఆ టీవీ సంస్థా పోయింది. బొమ్మను మాత్రం తీసేయడానికి వీల్లేదని ప్రేక్షకులు పట్టుబట్టారు. అది ఇప్పటికీ వస్తోంది.

మన దగ్గర హక్కుల చిక్కు ఉందంటారు. నిజమే, విదేశీ సీరియళ్లను కొన్నాళ్ల ప్రసారానికే కొంటారు, గడువు దాటాక వేయడం కుదరదు. దాచడానికి అది అడ్డు కాదు కదా! పైగా సొంతంగా తీసినవాటికి ఆ చిక్కే లేదు. వలలో చిక్కిన పిట్టలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయే ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ను 1974లో విజయ మూలే తీశారు. నిర్మించింది ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజనే. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ రామాయణంతో పాటు శక్తిమాన్‌ను కూడా మళ్లీ వేసింది. తలుచుకుంటే బయటికి తీయగలరు, వేస్తే చూసేవాళ్లూ ఉన్నారు.

జనాదరణ ఉన్నవాటినే తీస్తే సరిపోదు. విసుగెత్తించిన పాఠాల కార్యక్రమాలు, ఎడిటింగ్ సరిగా లేని తోలుబొమ్మల ఆటలు, నాటికలు కూడా ఉండాలి. ఏది పనికొస్తుందో బీబీసీ గుమాస్తాలకే తెలియలేదు, మనకెలా తెలుస్తుంది? ముందుగా ఏ కార్యక్రమం టేపు ఉంది, ఏది లేదు అన్న పూర్తి జాబితా, తీసినవాళ్ల పేర్లతో, డబ్బింగ్ చెప్పినవాళ్ల పేర్లతో ప్రజల ముందు పెట్టాలి. లేనివాటి కోసం ప్రేక్షకుల్ని అడగాలి. అటకల మీద పాత వీడియో క్యాసెట్లున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెళ్లి వీడియో చివర మిగిలిన టేపులో ఎవరో పిల్లాడు రికార్డు చేసుకున్న ఆదివారం సీరియల్ ఉండొచ్చు. ఆ టేపులకు బూజు పడుతుంది, పూత రాలిపోతుంది, వాటిని ఆడించే వీసీఆర్‌లూ మూలపడుతున్నాయి. మీ పత్రిక ఈ జాబితా కోసం ప్రసార సంస్థలను అడగాలని, పాఠకుల దగ్గరున్న క్యాసెట్ల వివరాలు పంపమని ఒక ప్రకటన వేయాలని నా మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు