సంచి ఇంకా మంచం పక్కనే ఉంది

సంపాదకులకు,

ఫోస్టర్ కేర్ (సొంతవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని కొంతకాలం మరో కుటుంబం పెంచడం) కింద తొమ్మిదేళ్ల బాబు మా ఇంటికొచ్చి ఏడు నెలలైంది. మొదటి మూడు నెలలు బట్టలు అల్మారాలో పెట్టనివ్వలేదు. సంచికి జిప్పు వేసి మంచం పక్కనే ఉంచుకునేవాడు. అప్పటికే నాలుగు చోట్ల ఉండి వచ్చాడు మరి! 'ఇక్కడ ఎన్నాళ్లు?' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

బిడ్డ కుటుంబ వాతావరణంలో పెరగాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెబుతోంది. బాగుంది. కానీ ఆ కుటుంబానికి అండగా నిలిచేదెవరు? నాకు జ్వరమొస్తే ఎదురింటావిడ వాడిని రెండు రోజులు స్కూల్లో దింపింది. పక్కింటి రిటైర్డ్ మాస్టారు సాయంత్రాలు లెక్కలు చెబుతారు, అదీ వాడు విసుక్కునే దాకా మాత్రమే. వీళ్లు లేకపోతే నేను ఎప్పుడో చేతులెత్తేసేదాన్ని. అప్పుడు వాడికి అది అయిదో మార్పు అయ్యేది.

ఒక్కటే బాధ. సాయం చేసే మంచివాళ్లే వాడి ముందు 'అసలు అమ్మ ఏదీ?' అని అడుగుతారు, 'పాపం' అంటారు. ఆ రాత్రి వాడు నిద్రపోడు, నాకూ టెన్షనే. వాడి కథ చెప్పాలో వద్దో వాడి ఇష్టం. మీరు పేరు పెట్టి పిలవండి, ఆటకు రమ్మనండి, చాలు.

పోయిన వారం రెండు చొక్కాలు తనే అల్మారాలో పెట్టాడు. మిగతావి ఇంకా సంచిలోనే ఉన్నాయి.

- ఒక ఫోస్టర్ తల్లి