స్టిక్కర్ కింద ఇంకో సైజు: ఆరు డబ్బాల పెల్లెట్ల మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుళ్లు (పెల్లెట్లు) 4.49 మిల్లీమీటర్ల సైజు అని అమ్మి వేరే సైజువి పంపడం, అదేంటని అడిగితే వేట గురించి పాఠం చెప్పడం.

అయ్యా,

మీకు రాయడం ఇది నాలుగోసారి. మొదటి మూడూ ఈమెయిళ్లు. వాటికి వచ్చిన జవాబులు చూశాక నేను రాసింది అక్కడ ఎవరైనా చదివారా అని డౌటొచ్చి, ఈసారి కూర్చుని మొత్తం వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి, నేను నెలన్నర పట్టాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ చదువుతూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తోంది. కొబ్బరికాయలు పోసుకునే పాత షెడ్డు ఖాళీ చేసి, ఒక చివర రేకు పెట్టె, దాని వెనక మందపాటి చెక్క, రెండు ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకున్నాం, అదే మా రేంజి. ఆదివారాలు సఖినేటిపల్లిలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటి నరసాపురంలో కోచ్ గారి దగ్గరికి వెళ్తాం. రైఫిల్ పెట్టె చూసి పంటు మీద ఎవరో ఒకరు "వీణాండీ?" అంటారు, మా అమ్మాయి అవునండీ అనేస్తుంది. తుపాకీ అని చెబితే అవతలి ఒడ్డు వచ్చేదాకా ప్రశ్నలు ఆగవు.

ఇక అసలు సంగతి. ఈ ఆటలో పెల్లెట్ ఎంచుకోవడం అంటే కొట్టుకెళ్లి ఓ డబ్బా పట్టుకురావడం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు, అమ్మేది మీరు. కానీ మీ జవాబులు చూస్తే చెప్పాలనే అనిపిస్తోంది. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్టేమో నాలుగున్నర మిల్లీమీటర్లు. పైగా ఇప్పుడు పదికి పది కాదు, 10.9 దాకా దశాంశాల్లో లెక్క, అరవై షాట్లు, డెబ్భై ఐదు నిమిషాలు. మిల్లీమీటరు పైచిలుకు పక్కకి పడితే చాలు, 10.6 కాస్తా 10.1 అవుతుంది. అందుకే తల చదునుగా ఉండే మ్యాచ్ పెల్లెట్లనే 4.48, 4.49, 4.50, 4.51 అని తల సైజు వేసి అమ్ముతారు. ఆ తల బారెల్ లోపలి మెలిక గాడుల్ని పట్టుకోవాలి, వెనక లంగాలా ఉండే అంచు గాలి వత్తిడికి విచ్చుకుని బారెల్‌ని మూసెయ్యాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు ఉన్నా ఒకదానికి నచ్చిన సైజు రెండోదానికి నచ్చదు. ఏది నచ్చుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

మేం కాల్చి చూశాం. మూడు ఆదివారాలు. కోచ్ గారి దగ్గర బారెల్‌ని బిగించే పట్టె ఉంది, దానికి బిగించి ఒక్కో సైజుకి పదేసి షాట్లు, ఒక్కో కాగితం మీద తేదీ, సైజు, లాట్ నెంబరు (ఒకే విడతలో తయారైన సరుకుకి వేసే నెంబరు) రాసి, పడ్డ చిల్లుల గుంపుని వెర్నియర్ కొలబద్దతో కొలిచాం. మీ దగ్గర కొన్న 4.49, ఒక ఫలానా లాటు, పది షాట్లూ కలిపి ఏడు మిల్లీమీటర్ల లోపు పెట్టింది. మిగతావి ఎనిమిదిన్నర, తొమ్మిది. ఆ కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి, అడిగితే ఫొటోలు కాదు, అసలువే పంపిస్తా.

ఆ తర్వాతే మీకు ఫోన్ చేశా. ఇదే లాటు ఆరు డబ్బాలు కావాలి, ఉన్నాయా అని ఒకటికి రెండుసార్లు అడిగా. లాట్ నెంబరు అంకెలు ఒక్కొక్కటీ చదివా. మీవాళ్లు "ఉన్నాయి సార్, అదే పంపుతాం" అన్నారు. డబ్బా 1,150 చొప్పున ఆరుకి 6,900 అదే రోజు కట్టేశా. ఒక్కో డబ్బాలో ఐదొందలు, మొత్తం మూడు వేల పెల్లెట్లు, రోజుకి ఎనభై లెక్కన అమ్మాయికి ఐదు వారాల పైనే వస్తాయి, ఈలోపు పోటీ అయిపోతుంది అనుకున్నా.

పార్సిల్ వచ్చింది. పై డబ్బా తీసి చూశా, 4.49, లాటు కూడా అదే. సంతోషించి మిగతావి చూడకుండా బీరువాలో పెట్టేశా. అది నా తప్పు, ఒప్పుకుంటా. మొదటి రెండు డబ్బాలు పన్నెండు రోజుల్లో అయిపోయాయి. మూడోది తీసిన దగ్గర్నుంచి మొదలైంది గోల.

అరవై షాట్లకి 618 దగ్గర కొడుతున్న పిల్ల 611 కి వచ్చింది. తర్వాత 609. తొమ్మిదిలో పడకూడని షాట్లు తొమ్మిదిలో పడుతున్నాయి, అదీ ఒకే పక్కకి కాదు, ఇష్టమొచ్చినట్టు. తన తప్పే అనుకుంది. నిలబడే పద్ధతి మార్చింది, చెంప ఆనించే చెక్క ఎత్తు మార్చింది, ఊపిరి బిగపట్టే టైమ్ మార్చింది. పొద్దున్నే లేచి ఒంటికాలి మీద నిలబడి బ్యాలెన్స్ ప్రాక్టీసు. కోచ్ గారు కూడా ట్రిగ్గర్ దగ్గర తొందరపడుతున్నావమ్మా అన్నారు. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, రాత్రిళ్లు ఫోన్ చూడటం వల్లే ఇదంతా అని కేకలేశా. రోజుల తరబడి, సార్. రోజుల తరబడి ఆ పిల్ల చెయ్యని తప్పు వెతుక్కుంది. డబ్బుల సంగతి తర్వాత, నాకు మీ మీద ఉన్న అసలు కోపం ఇది.

బయటపడింది ఎలాగో చెబుతా. మా దగ్గర గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గర, సీసం మీద తెల్లటి పొడి పడుతుందని డబ్బాలు మూతబిగించి పెడతాం. ఓ వానపూట నాలుగో డబ్బా చేతిలోకి తీసుకుంటే సైజు స్టిక్కర్ చెమ్మకి ఒక మూల లేచి ఉంది. గోటితో మెల్లిగా లాగా. కింద ఇంకో స్టిక్కర్. 4.51. లాటు వేరే. మూడోది తీసి చూశా, అదీ అంతే. ఐదు, ఆరు, అవీ అంతే. పై స్టిక్కర్ కొంచెం వంకరగా అంటించారు, తెలుసుకుని చూస్తే కనబడుతుంది, తెలియకపోతే ఎవరు చూస్తారు?

అక్కడితో ఆగలేదు. రాజోలులో తెలిసిన బంగారం కొట్టుకి పట్టుకెళ్లా. ఆయన కాటా మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. బేరాలు లేని మధ్యాహ్నం వేళ, అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి, పట్టకారుతో ఒక్కోటీ పెట్టి తూచాం. మంచి డబ్బాల అడుగున మిగిలిన యాభై తూస్తే అన్నీ 0.528 నుంచి 0.533 గ్రాముల మధ్య ఉన్నాయి. స్టిక్కర్ డబ్బాలోంచి యాభై తూస్తే 0.512 నుంచి 0.547 దాకా ఉన్నాయి. నాలుగింటికి వెనక అంచు నొక్కుకుపోయింది. ఒకటైతే చదును తలే కాదు, గుండ్రటి తల! మ్యాచ్ పెల్లెట్ల డబ్బాలోకి అది ఎలా దూరిందో మీరే చెప్పాలి. కొట్టాయన "ఇంత తేడా నేను చేస్తే జనం నన్ను వీధిలోకి ఈడుస్తారండీ" అన్నాడు.

ఇప్పుడు మీ జవాబులు. ఫోన్‌లో మీ కుర్రాడు మొదట అడిగింది "ఏ పిట్టలు కొడతారు సార్?" అని. బాబూ, పిట్టలు కాదు, కాగితం అన్నా. "అయితే ఇవి ఇంకా బెటర్ సార్, హెవీ, పవర్ ఎక్కువ" అన్నాడు. రెండు రోజులకి ఈమెయిల్ వచ్చింది, పెద్ద జంతువులకి బరువైన తూటా ఎంచుకోవాలి, లోతుగా దిగాలి, ఎముకని దాటాలి అని ఎక్కడో విదేశీ వేటగాళ్లకి రాసిన పేరా యథాతథంగా దించి, కింద "మీ సమస్య పరిష్కారమైందని భావిస్తున్నాం" అని. సార్, కోనసీమలో ఏ పెద్ద జంతువుని కొట్టమంటారు? గేదెనా? 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. చేపల చెరువుల మీద వాలే నీటికాకుల్ని కూడా మావాళ్లు టపాసులు కాల్చి తోలుకుంటారు, వలలు కట్టుకుంటారు, అంతే.

పోనీ మీరు చెప్పిన వేట సంగతే మాట్లాడదాం. మా అన్నయ్య కొడుకు అమెరికాలో, మోంటానాలో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని ఏడాదికోసారి ఎల్క్ (అక్కడి పెద్ద దుప్పి) వేటకి వెళ్తాడు, తూటాలు ఇంట్లోనే సొంతంగా కట్టుకుంటాడు. మీ ఈమెయిల్ చదివి వినిపిస్తే వీడియో కాల్‌లో పడీపడీ నవ్వాడు. వాడు చెప్పింది వినండి. పెద్ద జంతువుకి వాడే తూటా లోపలికి దిగాక పువ్వులా విచ్చుకోవాలి, కానీ ముక్కలైపోకూడదు, బరువు నిలుపుకోవాలి. మామూలు సీసం తూటా దగ్గరి నుంచి వేగంగా తగిలితే ఛిద్రమైపోయి పైపైనే ఆగిపోవచ్చు. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయనకి మూస్ (ఇంకా పెద్ద దుప్పి జాతి) వేటలో అలాగే జరిగితే, మధ్యలో రాగి గోడ ఉన్న తూటా తయారుచేసి 1948 నుంచి అమ్మాడట. ముందు సగం విచ్చుకుంటుంది, గోడ వెనక సగం అలాగే దిగుతుంది. ఇప్పుడు పూర్తి రాగివీ ఉన్నాయి. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి తూటా పొడుగవుతుంది, పొడుగైతే దాన్ని నిలకడగా తిప్పడానికి బారెల్ మెలిక బిగువుగా ఉండాలి. అంటే అక్కడ కూడా బరువు ఒక్కటే చూసి కొనరు. వాడి .30-06 అనే వేట రైఫిల్‌లో 180 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా దాదాపు 3,900 జౌళ్ల శక్తితో బయటికొస్తుంది. మా అమ్మాయి రైఫిల్‌లోంచి వచ్చే పెల్లెట్‌కి ఏడున్నర జౌళ్లు. దీనికి పవర్ ఎందుకు, ఎముక ఎందుకు? కాగితం మీద గుండ్రంగా, అంచు చిరగకుండా ఒక చిల్లు పడితే చాలు, చదును తల ఉన్నదే అందుకు.

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. తూటా లాటు మారిందంటే వాడు పాత లెక్క పక్కన పెట్టేసి, తుపాకీ మందు తగ్గించి మళ్లీ కొంచెం కొంచెం పెంచుకుంటూ కాల్చి చూసుకుంటాడట. అదే బ్రాండ్, అదే బరువు అయినా సరే. మరి ఎల్క్ గుండెకాయ దగ్గర బెత్తెడు అటూ ఇటూ అయినా పరవాలేని వాడే లాటు గురించి అంత జాగ్రత్త పడుతుంటే, అర మిల్లీమీటరు చుక్క కొట్టేవాళ్లకి అమ్మే మీరు లాట్ నెంబరు మీద స్టిక్కర్ అంటిస్తారా?

స్టాకు లేకపోతే లేదని చెప్పాల్సింది. ఆగేవాళ్లం, లేదా ఆ లాటువి వచ్చిన రెండు డబ్బాలు పోటీకి దాచుకుని ప్రాక్టీసుకి వేరేవి వాడుకునేవాళ్లం. మేం ఎంచుకున్నదాన్ని మీరు మార్చేసి, మార్చలేదని అబద్ధం అంటించారు, నా అభ్యంతరం దాని మీద.

నాకు కావాల్సింది ఇది. నాలుగు డబ్బాల డబ్బు 4,600 తిరిగి ఇవ్వండి, లేదా నేను అడిగిన లాటు ఉంటే నాలుగు డబ్బాలు పంపండి, ఏ లాటో పంపేముందు డబ్బా అడుగు ఫొటో తీసి చూపించండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఎవరు, ఎక్కడ వేశారో రాతపూర్వకంగా చెప్పండి, మీ గోడౌనా, మీకు సప్లై చేసేవాళ్లా. నాలాగా ఈ సరుకు ఇంకెంతమందికి వెళ్లిందో వాళ్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి, వాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి ఉంటారు.

పదిహేను రోజులు చూస్తా. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేస్తా, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో వేస్తా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. బిల్లు, ఫోన్ చేసిన తేదీలు, చిల్లుల కాగితాలు, కాటా లెక్కలు రాసిన పుస్తకం, ఊడిన స్టిక్కర్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టా.

విప్పిన డబ్బా ఒకటి, విప్పనివి మూడు. వాపసు తీసుకుంటామంటే కొరియర్‌ని మా ఇంటికి పంపండి, మళ్లీ నన్ను రాజోలు కొరియర్ ఆఫీసు దాకా తిప్పొద్దు. గుండ్రటి తల పెల్లెట్ మాత్రం ఇవ్వను, అది అగ్గిపెట్టెలో వేసి అమ్మాయి తన బల్ల మీద పెట్టుకుంది.

ఇట్లు,
మూడు వేల పెల్లెట్లకి డబ్బు కట్టి వెయ్యి అందుకున్న మీ కస్టమర్