ఆయా లేచిన కుర్చీ

పెరంబూర్, చెన్నై
26 ఏప్రిల్ 2026, ఆదివారం

చిరంజీవి జోజికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి ఈ వారం రాత్రి డ్యూటీ. చెల్లికి పరీక్షలు అయిపోయాయి. ఫోన్లో చెప్పకుండా ఉత్తరం ఏంటి అనుకుంటావేమో. ఆదివారం మీ ఫాదర్‌గారు ఫోనుకిచ్చే పది నిమిషాలూ తిన్నావా, పడుకున్నావా, జ్వరం తగ్గిందా అనడానికే సరిపోతున్నాయి. ఇది అలా హడావుడిలో చెప్పే మాట కాదు నాన్నా. నిదానంగా చదువు.

ఇవాళ మంచి కాపరి ఆదివారం. దైవపిలుపుల కోసం, అంటే ఫాదర్లుగా సిస్టర్లుగా వచ్చేవాళ్ల కోసం, లోకమంతా ప్రార్థన చేసే రోజు, 1964 నుంచి ఏటా చేస్తున్నారట. ప్రసంగం మధ్యలో ఫాదర్‌గారు నన్ను లేచి నిలబడమన్నారు. ఈ తల్లి కొడుకు బెంగళూరులో చదువుకుంటున్నాడు, రేపు మిషనరీ అవుతాడు అన్నారు. గుడంతా చప్పట్లు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే, నీ దగ్గర దాచడం ఎందుకు. పూజ అయ్యాక ఎంతమంది వచ్చి చెయ్యి పట్టుకున్నారో.

బయట మెట్ల పక్కన ఎప్పటిలాగే మన పూల ఆయా, ఆ పూలమ్మే ముసలావిడ, కూర్చుని ఉంది. నన్ను చూసి గోడ పట్టుకుని లేవబోయింది. మోకాళ్లు సహకరించక మళ్లీ కూలబడి, మళ్లీ లేవబోయింది. ఎవరికోసం లేస్తోందా అని నేను వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. నాకోసమే. ఇన్నేళ్లలో ఆమె నన్ను చూసి ఎప్పుడైనా లేచిందా జోజీ? లేవాల్సిన అవసరం ఏముంది? నేను పరిగెత్తుకెళ్లి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. ఇంటికొచ్చి అన్నం పెట్టుకున్నాను గానీ ముద్ద దిగలేదు. డిసెంబర్‌లో జరిగింది గుర్తొచ్చింది.

నీకు గుర్తుందో లేదో. క్రిస్మస్ తర్వాత నువ్వు ఇంటికొచ్చినప్పుడు మనింట్లో జపమాల ప్రార్థన పెట్టుకున్నాం. వీధిలోవాళ్లంతా వచ్చారు. ఉన్నవి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో ఆయా కూర్చుంది. ఆమె క్రైస్తవురాలు కాకపోయినా నువ్వొచ్చావని వచ్చింది, నీకోసం మల్లెపూల దండ కట్టుకొచ్చింది. నువ్వు స్నానం చేసి లోపల్నుంచి వచ్చేసరికి అందరూ లేచారు. "బ్రదర్‌గారు, బ్రదర్‌గారు" అన్నారు. ఆయా కూడా లేచింది, తన కుర్చీని కొంగుతో తుడిచి నీ వైపు జరిపింది. నువ్వు కూర్చున్నావు. ఆమె ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నేలకి ఆనించి కింద కూర్చుంది. ప్రార్థన చాలా బాగా చెప్పావు, గొంతు కూడా బాగుంది. ఆ తర్వాత భోంచేసి కంచం అక్కడే వదిలేసి లేచావు. చెల్లి తీసింది.

నిన్ను ఒక్కడినే అనడానికి ఇదంతా రాయడం లేదు. ఆయాని లేవమని కళ్లతో సైగ చేసింది నేనే. ఆమె నా మొహం చూసి లేచింది. నాలుగు నెలలుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా. మొన్న శుభ శుక్రవారం ముందు పాపసంకీర్తనంలో, ఫాదర్‌గారి దగ్గర తప్పులు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకున్నాను. ఇవాళ నీకు చెబుతున్నాను.

నిరుడు ఆగస్టులో బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిన్ను చూడడానికి వచ్చినప్పుడు నువ్వు ఇలా లేవు. నేను వచ్చే వేళకి నువ్వూ, ఆ జార్ఖండ్ అబ్బాయీ వంటింటి వెనక కూర్చుని ఇంత పెద్ద అన్నం గుండిగని కొబ్బరి పీచుతో తోముతున్నారు. మోచేతుల దాకా మసి. నన్ను చూసి అలాగే నవ్వావు. తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్‌ని "ఊట ఆయ్తా?" అని, భోజనం అయిందా అని అడిగావు. కన్నడం ఎప్పుడు నేర్చుకున్నావురా అంటే, రోజుకి ఒక మాట ఆయన దగ్గరే నేర్చుకుంటున్నానన్నావు. తిరుగు రైల్లో అదే తలుచుకుంటూ వచ్చాను. ఆ పిల్లాడే నాలుగు నెలలకి మనింట్లో కంచం తీయలేదు. అంటే తేడా నీలో వచ్చింది కాదు, మనింట్లో మేము తెచ్చాం.

మనవాళ్లు గురువుల్ని, ఫాదర్లనీ సిస్టర్లనీ, ఇంత గౌరవిస్తారంటే దానికి కారణం ఉంది, అది నువ్వు తెలుసుకోవాలి. నేను పుట్టింది గుంటూరు సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిలో. మా అమ్మమ్మ అక్కడి డాక్టరమ్మ కథ చెప్పేది. మేరీ గ్లౌరీ అని ఆస్ట్రేలియా ఆవిడ. చదువుకున్న డాక్టరు, పట్నంలో హాయిగా ప్రాక్టీసు చేసుకోవచ్చు. అది వదిలేసి 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. (యేసు మరియ యోసేపు) సిస్టర్ల మఠంలో చేరింది. మన ఆడవాళ్లు మగ డాక్టరుకి చూపించుకోలేక కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకునే రోజులవి. వచ్చినవాళ్లందరికీ వైద్యం చేస్తూనే, ఇక్కడి ఆడవాళ్లకే నర్సు పనీ మంత్రసాని పనీ నేర్పింది. దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటినీ 1943లో ఒక సంఘంగా కూర్చింది కూడా ఆవిడే. క్యాన్సర్‌తో 1957 మే 5న పోయింది. ఎక్కడనుకున్నావు, మీ బెంగళూరులోనే. కతోలికులకి ఒక మెడికల్ కాలేజీ ఉండాలని ఆవిడ కలలు కన్నది. ఆవిడ పోయిన ఆరేళ్లకి, 1963లో సెయింట్ జాన్స్ అక్కడే మొదలైంది. మీరు రక్తపరీక్షలకి వెళ్లేది అక్కడికే కదా. ఈసారి వెళ్లినప్పుడు ఆవిడని ఒకసారి తలుచుకో.

అలాంటివాళ్లకి మా అమ్మమ్మవాళ్లు బాకీ పడ్డారు. ఆ బాకీ తీర్చుకోవడానికే తెల్ల అంగీ కనిపిస్తే చాలు కుర్చీ వేస్తారు, కోడి కోస్తారు, పెద్దవాళ్లు కూడా చేతులు జోడిస్తారు. ఆ గౌరవం ఎవరో కష్టపడి సంపాదించింది. నువ్వింకా ఏమీ చేయలేదు నాన్నా. కోపం తెచ్చుకోకు. నీకు 20 ఏళ్లు. నవిషియేట్, ఆ మఠంలో మొదటి శిక్షణ ఏడాది, దాని గుమ్మం కూడా ఇంకా తొక్కలేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నేను పెళ్లయి ఈ ఊరికి వచ్చినప్పుడు నాకు ఒక్క ముక్క తమిళం రాదు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి వీధిలో "తణ్ణి, తణ్ణి" అని కేకలు. నా చెవికి అది "తన్ని, తన్ని" అన్నట్టే వినబడింది. ఎవరినో కొడుతున్నారనుకుని గడియ బిగించుకుని మంచం మీద ముడుచుకు కూర్చున్నాను. మీ నాన్న డ్యూటీలో ఉన్నారు. నీళ్ల లారీ వచ్చి వెళ్లిపోయింది. ఇంట్లో చుక్క లేదు. కాసేపటికి తలుపు కొట్టారు. తీస్తే ఆయా. అప్పటికి ఇంకా నడివయసు మనిషి. తను పట్టుకున్న రెండు బిందెల్లో ఒకటి మన గుమ్మంలో దింపి, వేలు నీళ్లల్లో ముంచి "తణ్ణి" అంది. నేను "నీళ్లు" అన్నాను. ఆమె "నీళ్లు" అంది. మళ్లీ నాచేత "తణ్ణి" అనిపించింది. ఆ రోజు నుంచి ఆర్నెల్లు అదే పని. అరిసి అంటే బియ్యం, పూండు అంటే వెల్లుల్లి. ఒక్కరోజు కూడా నా మాటకి నవ్వలేదు. తనూ మన మాటలు నేర్చుకుంది. ఇప్పటికీ నన్ను "ఏమ్మా, అన్నం తిన్నావా" అనే పలకరిస్తుంది, నువ్వు విన్నావు కదా.

నీకు ఏడో నెలలో విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రి వరండాలో రాత్రంతా నిన్ను భుజాన వేసుకుని తిరిగిన మనిషి ఆమే. ఆ మనిషిని నేను కుర్చీలోంచి లేపాను. నువ్వు కూర్చున్నావు.

రేపు నిన్ను ఒడిశా పంపిస్తారో, ఆఫ్రికా పంపిస్తారో. ఎక్కడికెళ్లినా మొదటి రోజు నువ్వు కూడా నాలాగే మాట రానివాడివే. ఎవరో ఒకరు నీకు నీళ్ల పేరు నేర్పాలి. ఆ మనిషి పక్కన కింద కూర్చోవడానికి నీ మోకాళ్లు వంగాలి. మన మైలాపూర్‌లో యేసు శిష్యుడు తోమాస్ అపోస్తలుడి సమాధి దగ్గర మిషనరీ ఫ్రాన్సిస్ శౌరి 1545లో నాలుగు నెలలు ఉన్నాడని చిన్నప్పుడు నిన్ను శాంతోమ్ గుడికి తీసుకెళ్లి చూపించాను. అంతకు ముందు దక్షిణాది బెస్తపల్లెల్లో ఆయనకి తమిళం రాక, వచ్చినవాళ్లని బతిమాలి ప్రార్థనలు తమిళంలోకి మార్పించుకుని బట్టీ పట్టాడట. చేతిలో గంట పట్టుకుని వాయించుకుంటూ వీధి వీధీ తిరిగి పిల్లల్ని పోగుచేశాడట. అంత చదివిన మనిషి పిల్లాడిలా బట్టీ పట్టాడు. నాకు ఆయన చేసిన అద్భుతాల కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఇక నా సంగతి. "ఫాదర్‌గారి తల్లి" అని ముందు బెంచీలో కూర్చోబెడుతుంటే నాకు బాగానే ఉండేది. మనూరి పక్క ఫిరంగిపురం జ్ఞానమ్మగారి గురించి నీకు తెలుసు కదా, తాటిపర్తి జ్ఞానమ్మగారు. ఐదుగురు మగపిల్లల తల్లి, భర్త పోయాడు. పిల్లలు చదువుకని ఇక్కడ మన చెన్నై దగ్గరి కీలచ్చేరికి వచ్చారు. కొడుకుల్లో గురుపట్టం తీసుకుని ఫాదర్లయినవాళ్లున్నారు. ఆవిడ గురువుల తల్లినని చాప వేయించుకుని కూర్చోలేదు. కీలచ్చేరిలో ఆడపిల్లలకి బడి లేదని చూసి, 1863లో తనే బడి పెట్టింది. దాన్నుంచే సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభ పుట్టింది. ఆవిడతో పోల్చుకునేంతదాన్ని కాను. కానీ వచ్చే ఆదివారం నుంచి నా పాత చోటికే, వెనక స్తంభం పక్కకి వెళతాను. ఫాదర్‌గారికి చెప్పేశాను.

ఇంటి సంగతులు రెండు మూడు. జూలైలో నాకు మోకాలి ఆపరేషన్ పెట్టారు. నువ్వు అప్పటికి నవిషియేట్‌లో ఉంటావు. రావద్దు. ఆ 12 నెలల్లో 15 రోజులకి మించి బయట ఉంటే ఆ రోజులు మళ్లీ పూర్తి చేయాలనీ, మూడు నెలలు దాటితే నవిషియేటే చెల్లదనీ కతోలిక శ్రీసభ చట్టంలో ఉందని మీ రెక్టర్ ఫాదర్ చెప్పారు. రెండు రోజులకి పంపిస్తారేమో, అయినా వద్దు. చెల్లి ఉంది, పిన్ని వస్తానంది. నాయనమ్మ నీ పేరున రాసిన అరెకరం విషయం కూడా అడిగాను. మొదటి మాటపట్టుకి, అంటే సన్యాస ప్రమాణానికి, ముందు దాన్ని చూసుకునే పని ఎవరికైనా అప్పగిస్తే చాలట, నిత్య మాటపట్టుకి ముందు వీలునామా రాయాలట. ఇప్పుడు తొందరేం లేదు. చెల్లి ఫీజు అప్పు గురించి నువ్వు టెన్షన్ పడకు, అది మా లెక్క.

నవిషియేట్‌లో ఎప్పుడైనా ఇది నా దారి కాదు అనిపిస్తే, మీ గురువుగారికి చెప్పి ఇంటికి వచ్చెయ్. వీధిలో నాలుగు మాటలు అంటారు, నాలుగు వారాలు అంటారు, అంతే. చప్పట్లు కొట్టారని అక్కడ ఉండిపోవద్దు. ఉండాలనిపిస్తే ఉండు, ఆ గుండిగ తోమినట్టు ఉండు. ఇంకా దాదాపు పదేళ్ల ప్రయాణం. అన్నేళ్లూ నీ కంచం నువ్వే తీయాలి, మనింట్లో కూడా. చెల్లికి చెప్పేశాను, ఇక ముట్టుకోదు.

సాయంత్రం ఆయా ఇంటికి వెళ్లాను. డిసెంబర్ సంగతి ఎత్తి క్షమించమన్నాను. ఆమెకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక "అదా, పో పో" అని చెయ్యి విదిలించి నా ఒళ్లో ఒక మూర మల్లెపూలు పడేసింది. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. వచ్చేటప్పుడు నీ గురించి అడిగింది, పిల్లాడు చిక్కిపోయాడా అని.

మే ఆఖర్లో నీకు ఐదు రోజులు సెలవు ఇస్తారన్నావు. వచ్చిన రోజే ఆయా దగ్గరికి వెళ్లు, నాతో కాదు, ఒక్కడివే. నాలుగింటికి వెళ్లు. ఆ వేళకి మార్కెట్ నుంచి పూలు వచ్చి ఉంటాయి, వాకిట్లో తడిగోనె పరుచుకుని కట్టుకుంటూ ఉంటుంది. కింద కూర్చునే కడుతుంది.

నీ అమ్మ