బ్లీచింగ్ వేసే ముందు రెండు సీసాల నీరు తీయండి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడగానే ఏటా ఏదో ఒక ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. వైద్య శిబిరం పెడతారు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగి బ్లీచింగ్ పౌడరు వేస్తారు. రెండు రోజులకు ‘నీరు కలుషితం’ అని వార్త వస్తుంది. ఏ సూక్ష్మజీవి వల్ల అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. నీటి పరీక్షల ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా దాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఊళ్లలో వాడే హెచ్‌టూఎస్ సీసాను చాలామంది చూసే ఉంటారు. గీత దాకా నీరు పోసి, మూత బిగించి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరు సిరాలా నల్లబడుతుంది. చౌకైన, మంచి పరీక్ష. కానీ ఈ నీరు తాగవద్దని చెప్పడంతో దాని పని అయిపోతుంది. మలం కలిసిందని సూచించే బాక్టీరియాను వెతికే కోలిఫాం పరీక్షా అంతే. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి (పేగుల్లో ఉండే బాక్టీరియా) ఒక్కటి కూడా కనిపించకూడదన్నది మన ప్రమాణం. ఈ-కోలి కాని క్రిమి ఏదైనా ఉంటే దాని పేరు రాయడానికి ఆ ఫారంలో గడే ఉండదు.

ఒకసారి అతిసారం సోకిన ఊరికి నేను చేరేసరికే ట్యాంకు మెట్ల మీద బ్లీచింగ్ తెల్లగా పరుచుకుని ఉంది. ఘాటుకు కళ్లు మండాయి. ఆ నీరే సీసాలో పట్టాను. బ్లీచింగ్ అప్పటికే క్రిములను చంపేయడంతో ‘బాక్టీరియా లేదు’ అని ఫలితం వచ్చింది. అప్పటికి ఆ ఊరివాళ్లు ఆస్పత్రిలో సెలైన్ల మీద ఉన్నారు. ఆ కాగితం మీద సంతకం చేసిన బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు.

1992లో మద్రాసులో కలరా లక్షణాలతో రోగులు వచ్చారు. వాళ్ల నుంచి తీసిన విబ్రియో (కలరా జాతి) క్రిములు, ఓ1 అనే రకాన్ని గుర్తుపట్టే సీరంతో కలిపితే గుంపుకట్టలేదు; అంటే అవి ఓ1 కావు. ఓ1 రకమే కలరా మహమ్మారిని తెస్తుందని అందరూ నమ్ముతున్న రోజులవి. ‘ఓ1 కాదు, కాబట్టి కలరా కాదు’ అని పారేయడం ఎంత తేలిక! పారేయలేదు కాబట్టే 1993లో దానిని ఓ139 అనే కొత్త రకంగా ప్రపంచం గుర్తించగలిగింది. అప్పటికే అది బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది.

నీటిలో ఉండే బాక్టీరియా చాలావరకు మనకు హాని చేయదు. కొత్త జాతి దొరికిందంటే ఊరంతా భయపడనక్కర్లేదు. అయితే అది కొత్తదో పాతదో తేలాలంటే దానిని విడిగా పెంచి, బాక్టీరియా జాతిని గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువును చదివి, తెలిసిన జాతులతో పోల్చాలి. ఆ నైపుణ్యం మన దగ్గరే ఉంది. హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున పట్టి తెచ్చిన గాలిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు ఉన్నాయని 2009లో ప్రకటించారు. ఆ పరిశోధనలో హైదరాబాద్‌లోని మన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఉన్నారు. అలాంటివారికి మన చెరువు నీరు, బోరు నీరు అందించలేమా?

బ్లీచింగ్ ఆలస్యం చేయమని నేను అనడం లేదు. వేసే ముందు అయిదు నిమిషాలు చాలు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్రిములు లేకుండా శుద్ధి చేసి, నీటిలో క్లోరిన్ ఉంటే దాన్ని విరిచేసే సోడియం థయోసల్ఫేట్ వేసిన రెండు సీసాలు, ఒక ఐసు పెట్టె సిద్ధంగా ఉంచాలి. నమూనా 24 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. అక్కడ నీటిలోనూ, రోగుల మలంలోనూ దొరికి, తెలిసిన పరీక్షలకు అందని క్రిమిని పారేయకుండా భద్రపరిచి, జన్యు పరీక్షకు పంపాలి. ఫలితం ఆ ఊరి పంచాయతీకి రాతపూర్వకంగా తెలియాలి.

వచ్చే వానాకాలం లోపల ఈ ఏర్పాటు చేయాలని రెండు రాష్ట్రాల గ్రామీణ నీటి సరఫరా, ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ