బల్లి మీదకు నెట్టేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పెళ్ళిళ్ళ సీజన్ వచ్చినా, బళ్ళు తెరిచినా మన జిల్లా పేజీలో ఒక వార్త తప్పకుండా కనబడుతుంది. ఫలానా ఊళ్ళో భోజనం చేసినవాళ్ళకు వాంతులు, విరేచనాలు, సాంబారులో బల్లి పడిందని అనుమానం. అంతే, మర్నాటి నుంచి దాని ఊసే ఉండదు. నేను కావలిలో మెడికల్ షాపు నడుపుతాను. అలాంటి భోజనాల తర్వాత మా షాపు ముందు నిలబడేవాళ్ళు చెప్పే మాటలు విని విని ఇది రాస్తున్నాను.

మన గోడల మీద తిరిగే బల్లికి విషం లేదండీ. దాని పేగుల్లో, రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది కూడా తెర్లుతున్న సాంబారులో బతకదు. దించి చల్లారాక పడితే ప్రమాదమే, ఎప్పుడు పడినా పారబోయాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ‘బల్లి’ అనే మాట చెవిన పడగానే బాగున్నవాడికి కూడా కడుపులో తిప్పుతుంది, అసలు కారణం పక్కకు పోతుంది. వంట ఎన్నింటికి దించారు, వడ్డన ఎన్నింటికి మొదలైంది, వండినవాళ్ళలో ఎవరికైనా విరేచనాలు గానీ వేళ్ళ మీద చీము పుండు గానీ ఉన్నాయా? మీ విలేకరి ఈ మూడూ అడిగితే చాలా వార్తల్లో బల్లితో పనుండదు.

వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల వేడి మధ్యలో ఉన్నంతసేపూ అందులో బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన నెల్లూరు, ఒంగోలు మే నెల ఎండల్లో 32 అనేది టిఫిన్ వేళకే దాటిపోతుంది. మనమేమో తెల్లవారుజామున బిర్యానీ దించి, మూత బిగించి, ముహూర్తం అయ్యి ఫొటోలన్నీ అయ్యాక మధ్యాహ్నం రెండింటికి వడ్డిస్తాం. పెద్ద గుండిగలో మాంసం మెల్లగా చల్లారుతుంటే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి? పైగా బిర్యానీ పక్కన పెట్టే పచ్చి ఉల్లిపాయ ముక్కలు చికెన్ కోసిన కత్తితోనే, ఆ చెక్క మీదే తరుగుతారు, వాటిని ఎవరూ ఉడికించరు కదా.

“మళ్ళీ వేడి చేశాం గదా, ఏం కాదులే” అనేది ఇంకో మాట. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే వదిలేసి పొద్దున తాలింపు వేసి పిల్లల బాక్సులో పెడతారు. అన్నం ఉడికినా బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు చావవు, రాత్రంతా పెరిగి అవి వదిలే ఒక రకం విషం వేపినా పోదు. చేతి పుండు నుంచి చేరే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా విషమూ అంతే, ఎంత మరగబెట్టినా పోదు. సద్దన్నాన్ని నేను తిట్టడం లేదు, నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నంలో ఆ పులుపే చాలా బ్యాక్టీరియాను పెరగనివ్వదు, గిన్నెలో పొడిగా వదిలేసిన అన్నానికి ఆ కాపలా లేదు. మన చేపల పులుసు మర్నాడే రుచి అనే మాట నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ రాత్రి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిది పెడితే ఫ్రిజ్ పాడవుతుందని తెల్లవార్లూ బయట ఉంచేకంటే చిన్న గిన్నెల్లోకి తీసి, ఆవిరి తగ్గాక లోపల పెట్టడం మేలు. ఐస్ లేకుండా ఎండలో ఉన్న కానాగంత చేపలు కొనకండి. వాటిలో తయారయ్యే హిస్టమిన్ అనే పదార్థం వండినా పోదు, తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి తలనొప్పి వస్తే “చేప పడలేదు” అని సరిపెట్టుకుంటాం.

వాసన బాగుంది కాబట్టి మంచిదే అనుకోవడమూ పొరపాటే. బళ్ళో వడ్డించేముందు టీచర్లు రుచి చూడటం మంచి పద్ధతి, కాకపోతే ఉప్పు, పాచి వాసన తెలుస్తాయి గానీ బ్యాక్టీరియా నాలుకకు తెలియదు. అలాగే వాంతులు కాగానే ఆఖరున తిన్న హోటల్‌ను తిట్టేస్తారు. స్టెఫైలోకాకస్ అయితే అరగంట నుంచి ఎనిమిది గంటల్లో బయటపడుతుంది, సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టొచ్చు. మొన్నటి విందు ఎవరికి గుర్తుంటుంది?

ఇక మా షాపుకు వచ్చి అడిగేది “మోషన్స్ ఆగిపోయే బిళ్ళ ఇవ్వు, ఒక యాంటీబయాటిక్ కూడా వెయ్యి” అని. జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా ఆపే బిళ్ళ వాడకూడదు, చిన్నపిల్లలకు అసలే వద్దు. యాంటీబయాటిక్ చాలామందికి అవసరమే ఉండదు. ముందు కావాల్సింది ఓఆర్ఎస్, అదీ డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్. అట్టపెట్టెల్లో వచ్చే తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులోనే చెప్పింది. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. తాగినదల్లా వాంతి అవుతున్నా, ఒంటేలు రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనబడినా షాపుకు రాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈసారి అలాంటి వార్త వేసినప్పుడు దాని పక్కనే ఈ కొలత, ఈ లక్షణాలు చిన్న బాక్సులో వేయగలరా?

ఇట్లు,
మెడికల్ షాపు నడిపే ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా