కూలిన చెట్టును రెండడుగుల ముక్కలు చేయించకండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

విజయవాడ నుంచి, దుంగలతో బల్లలు చేసే వడ్రంగులం నమస్కారాలతో రాస్తున్న లేఖ.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది. తుపాన్లు లేని ఏడాది కూడా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఈదురుగాలులకు మన వీధుల్లో, కాలువ గట్ల మీద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోతాయి. మర్నాడు పొద్దున్నే దారి తెరవడం మొదటి పని. అంబులెన్సు పోవాలి, కరెంటు తీగలు సరిచేయాలి. దాని మీద మాకు రెండో మాట లేదు. మేము అడుగుతున్నదల్లా ఆ పొద్దున చైన్ సా (ఇంజనుతో నడిచే గొలుసు రంపం) ఎక్కడ పెట్టి కోస్తారన్న సంగతి గురించే.

ఇప్పుడు కొమ్మనీ మొదలునీ ఒకే తీరుగా, ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాక్టరు ట్రక్కులో వేసేలా రెండడుగుల ముక్కలు చేస్తున్నారు. సిబ్బందిని తప్పు పట్టలేం. వాళ్లకు చెప్పిన పని దారి తెరవడం, వాళ్లు తెరుస్తున్నారు. కానీ యాభై అరవై ఏళ్లు నిలబడిన నిద్రగన్నేరు మొదలు ఆ గంటలోనే వంటచెరుకు అయిపోతుంది. దాంతో పార్కులో పలువురు కూర్చునే బల్లలు చేయవచ్చని తర్వాత ఎవరు గుర్తించినా లాభం లేదు.

రెండడుగుల ముక్క ఎందుకు పనికిరాదో లెక్కతో చెబుతాం. పచ్చి దుంగలోని తేమ పక్కల నుంచి కన్నా కోసిన కొనల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొన ముందు ఆరి కుదించుకుంటుంది, లోపలి చెక్క ఇంకా తడిగా ఉబ్బే ఉంటుంది. ఆ పెనుగులాటలో కొన బీటలు వారుతుంది. మన ఎండకు ఆ బీట ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లోపలికి పోతుంది. రెండడుగుల ముక్కకు రెండు కొనలు. రెండు వైపులా పోగా మధ్యలో మిగిలే గట్టి చెక్క ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలు. అదే ఏడడుగుల దుంగకు కూడా పోయేది అంతే, మిగిలేది అయిదున్నర అడుగులు పైమాటే. పైగా కొనలకు కోసిన రెండు రోజుల్లోపు కరిగించిన మైనం గానీ, మిగిలిపోయిన ఎనామిల్ పెయింటు గానీ రెండు పూతలు దట్టంగా వేస్తే ఆ నష్టం కూడా చాలావరకు తప్పుతుంది. ముప్ఫై అంగుళాల మందం దుంగకు రెండు కొనలూ కలిపి పది చదరపు అడుగులు, అర లీటరు పెయింటు సరిపోతుంది. వారం తర్వాత పూసి ప్రయోజనం లేదు. అప్పటికే బీట లోపలికి పాకి ఉంటుంది.

ఒక బల్ల ఎలా వస్తుందో చూస్తే దుంగ పొడవు మీద మేము ఇంత పట్టు పట్టడం ఎందుకో మీకు అర్థమవుతుంది. ఏడడుగుల పొడవు, ముప్ఫై అంగుళాల మందం ఉన్న దుంగ పచ్చిగా ఉన్నప్పుడు టన్నుకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. దాన్ని పడుకోబెట్టి రెండు వైపులా చీలలు దిగ్గొడతాం, కదలకూడదు. రెండు కొనల మీదా తూకపు గుండుతో నిలువు గీత, నీటిమట్టంతో అడ్డగీత గీసి, సుద్ద దారంతో పొడవునా కలుపుతాం. ముందు వైపు పై భాగం తీసేస్తే మిగిలేదే సీటు, వీపు. కూర్చునే మట్టం నేల నుంచి పద్నాలుగు అంగుళాల దగ్గర, అంటే దుంగ మధ్యలోని బెండుకు ఒక అంగుళం కిందుగా పోవాలి. ఈ ఒక్క అంగుళమే బల్లకు ఆయుష్షు. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి కుదించుకునేది, నడిమి నుంచి బయటికి కుదించుకునేదానికి దాదాపు రెట్టింపు. బెండు లోపల ఉండిపోతే దాని చుట్టూ ఉన్న చెక్క ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. కోత కిందుగా పోతే తీసేసిన భాగంతోపాటు బెండూ పోతుంది, మిగిలిన చెక్క వంగడానికి చోటు దొరుకుతుంది.

ముందు వైపు పై భాగాన్ని ఒకేసారి కోసి తీయరు. మూడేసి అంగుళాల దూరంలో అడ్డంగా గీత దగ్గర దాకా కోతలు పెట్టి, మధ్య ముక్కలను సుత్తితో కొట్టి ఊడగొడతారు. గీతకు అర అంగుళం ఇవతలే ఆగి, మిగిలింది రంపం పక్కవాటుగా పట్టి చదును చేస్తారు. కూర్చునే లోతు పద్దెనిమిది అంగుళాలు. వీపు అడుగున తొమ్మిది అంగుళాల మందం ఉండి, పైకి పోయేకొద్దీ నాలుగుకు సన్నబడుతూ పన్నెండు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఇంత దుంగలో సీటు మీద పది అంగుళాలకు మించి వీపు రాదు, నడుముకు ఆసరా వరకే. కింద మూడంగుళాల రాతి దిమ్మెలు పెడితే కూర్చునే ఎత్తు పదిహేడు అవుతుంది. ఆ దిమ్మెలు లేకుండా నేల మీదే పెడితే రెండు మూడు వానాకాలాలకు అడుగు పుచ్చిపోతుంది, చెదలు సరేసరి. ఆకారం తేల్చే పని ఆ తర్వాతది. కొమ్మ పుట్టిన చోటి సుడి, వేరు దగ్గరి ఉబ్బు ఏ వంపు చూపిస్తే చెక్కేవాడు దాన్నే పట్టుకుంటాడు. అందుకే తిన్నగా ఉన్న మొదలు కన్నా రెండుగా చీలిన పంగ మాకు విలువైనది. రోడ్డు మీద మాత్రం మొట్టమొదట కోత పడేది ఆ పంగ దగ్గరే, సరిగ్గా దాని మధ్యకు. పంగకు అటూ ఇటూ రెండేసి అడుగులు వదిలి కోయమని చెబితే చాలు.

రంపం సంగతి. దుంగను పొడవునా చీల్చడానికి చైను పళ్లను పది డిగ్రీల వాటంలో, అడ్డకోతకు ముప్ఫై డిగ్రీల్లో ఆకురాయి పట్టాలి. అడ్డకోత పళ్లతో పొడవునా చీలిస్తే కోత గరుకుగా, నిదానంగా సాగుతుంది, ఇంజను వేడెక్కుతుంది. పొట్టు రవ్వలుగా కాక పిండిలా రాలుతోందంటే పళ్లు మొద్దుబారాయని అర్థం. అప్పుడు బలంగా నొక్కడం కాదు, ఆపి పదును పెట్టాలి. సన్నని చెక్కుడుకు ముక్కు కోసుగా ఉన్న ప్రత్యేకమైన బార్ (చైను తిరిగే పొడవాటి పట్టీ), పావు అంగుళం పిచ్ (లింకుల ఎడం) ఉన్న చైను, దానికి నాలుగు మిల్లీమీటర్ల ఆకురాయి. పెట్రోలు లీటరుకు మంచి టూస్ట్రోక్ ఆయిల్ ఇరవై మిల్లీలీటర్లు. చైనుకు పోసే నూనె స్థానంలో బండ్లలోంచి తీసిన పాత ఇంజను ఆయిల్ వాడడం మన దగ్గర చాలాచోట్ల ఉంది. అందులోని లోహపు రజను బార్‌ను, పంపును తినేస్తుంది, నేలనూ పాడుచేస్తుంది.

వీధి చెట్లకు ఇంకో జబ్బుంది, మేకులు. ఫ్లెక్సీలకు, ట్యూషన్ బోర్డులకు, దీపావళి తోరణాలకు కొట్టిన మేకుల మీదుగా బెరడు పెరిగి లోపల దాక్కుంటాయి. ఒక్క మేకు తగిలితే కొత్త చైను పళ్లన్నీ పోతాయి, తెగిన చైను మనిషి మీదికి వస్తుంది. కోసిన కొన మీద నల్లటి, నీలం మరక కనిపిస్తే ఇనుము దగ్గర్లోనే ఉందని గుర్తు. చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టరు ఒకటి యార్డులో ఉంటే ఈ బెడద చాలావరకు తీరుతుంది. చెట్లకు మేకులు కొట్టనివ్వకపోవడం ఇంకా మేలు.

అన్ని చెట్లూ ఒకటి కాదు. నిద్రగన్నేరు రంపానికి సులువు, ఆరేటప్పుడు పెద్దగా మెలితిరగదు, దాని ముదురు గోధుమ రంగు చేవ చూడముచ్చటగా ఉంటుంది. వేప చేవకు పురుగు అంతగా పట్టదు. చింత రాయిలాంటిది, చైనును పదేపదే పదును పెట్టాల్సిందే, కానీ దాని కుదురు దొరికితే వదలకూడదు. మామిడి నీడపట్టుకే. తురాయి, అశోక బయట పెట్టే బల్లలకు వద్దు. ఏ చెట్టయినా చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కలోనే పుచ్చు మొదలవుతుంది. బెరడు పూర్తిగా తీసి, కిలో బోరిక్ యాసిడ్, కిలోన్నర బోరాక్స్ యాభై లీటర్ల నీళ్లలో కలిపి, చెక్క పచ్చిగా ఉండగానే తడిపితే మందు లోపలికి దిగుతుంది. వానకు అది కొట్టుకుపోకుండా ఆరాక అవిసె నూనె పట్టించాలి. ఆ నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకూడదు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి విడివిడిగా ఆరేయాలి. లోపలి సామానుకు చిన్న బీటలు పడితే కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పిండిలో రంపం పొట్టు కలిపి చేసే మక్కు చక్కగా పనికొస్తుంది. వానలో తడిసే బల్లకు అది నిలవదు.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది రోడ్డు మీద కోసే మనుషుల స్థితి. రబ్బరు చెప్పులు, లుంగీ, నెత్తిన తువ్వాలు. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం కన్ను మూసి తెరిచేలోగా ముఖం మీదికి ఎదురు తంతుంది. కూలిన చెట్టులో వంగి బిగుసుకున్న కొమ్మను బిగువు వైపు నుంచి ముందుగా కోస్తే అది చీలి కొడుతుంది. నొక్కుకుపోయిన వైపు మూడో వంతు కోసి, ఆ తర్వాతే బిగువు వైపు కోయాలి. మొదలును వేళ్ల నుంచి వేరుచేసిన క్షణంలో పైకి లేచిన వేళ్ల ముద్ద మట్టితో సహా తిరిగి గుంతలో పడవచ్చు. అక్కడ ఎవరూ నిలబడకూడదు. ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు, ఒక రోజు దుంగ దగ్గర నిలబెట్టి చూపించాలి. ప్రతి మిషనుకూ ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్టు, చెవులకు మఫ్లు, కాళ్లకు చైనును ఆపే నారలున్న తొడుగులు, ఇనుప ముక్కు బూట్లు కొనివ్వండి. చైను బ్రేకు పనిచేయని మిషనును బయటికి తీయనివ్వకండి.

దుంగలు మిగిలితే అవి మా చేతికి ఎలా రావాలన్నది మరో చిక్కు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలి, కలప రవాణాకు 1970 నాటి నిబంధనలున్నాయి. అవి ఉండాల్సినవే. కానీ తుపానుకు పడిన దుంగను వేలంలో కొన్నవాడి చేతిలో అది దొంగ కలప కాదని చూపే కాగితం ఉండాలి కదా. చెట్టు పేరు, పొడవు, చుట్టుకొలత, పడిన వీధి, తేదీ రాసి, అదే అంకెను దుంగ కొన మీద పెయింటుతో వేసి ఇస్తే దారిలో ఎవరు ఆపినా చూపించవచ్చు. వేలం కూడా దుంగల వారీగా పెట్టండి. లారీల కొద్దీ ఒకే లాటుగా పాడితే కట్టెల అడితి వాళ్లు తప్ప ఒక్క వడ్రంగి పాడలేడు.

కాబట్టి మీరు ఇవ్వాల్సిన ఉత్తర్వు చిన్నది. అడుగున్నర మందం దాటిన మొదలును ఏడడుగులకు తక్కువ కాకుండా కోయాలి. ఎత్తడానికి ఎలాగూ తెప్పించే హైడ్రా క్రేన్‌తోనే దాన్ని దారి పక్కకు జరిపి, దారి తెరిచాక తరలించాలి. కొనలకు రెండు రోజుల్లో పూత వేయాలి. ప్రతి నగరంలో పైకప్పు ఉండి నాలుగు వైపులా గాలాడే ఒక షెడ్డు, నేలకు తగలకుండా దుంగల కింద దిమ్మెలు. రేకులతో నాలుగు పక్కలా మూసిన గోడౌను వద్దు, ఎండకు కొలిమై దుంగలను చీల్చేస్తుంది. మొదటి విడతలో వచ్చిన బల్లలను పురపాలక పార్కులకే కొనండి. ఫ్యాక్టరీ బెంచీకి పెట్టే ధరతో పోల్చి చూసుకుని కొనండి, దయతో కొనవద్దు.

ఈదురుగాలులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. మార్చిలోపు ఉత్తర్వు వస్తే, విజయవాడ, గుంటూరు కోత సిబ్బందికి ఏ యార్డులో, ఏ రోజు రమ్మన్నా వచ్చి మా మిషన్లతో, మా దుంగలతో పని చూపిస్తాం. దానికి మాకు రుసుము ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
విజయవాడ పరిసరాల్లో దుంగలతో పనిచేసే వడ్రంగులు, చెక్కుడు పనివారు